గట్టిది వేరు, మన్నేది వేరు

కుక్కకి బొమ్మ కొనాలని నా దగ్గరికి సలహాకొచ్చే తెలుగువాళ్ళు మొదట అనే మాట ఒకటే: "గట్టిది చెప్పండి." ఆ మాట వినగానే నాకు దవడ జివ్వుమంటుంది. ఎందుకో చెప్పాలంటే నా ఉద్యోగం సంగతి కొంత చెప్పాలి.

నా పేరు సైమన్. బెంగాల్లోని ఈ రైల్వే ఊళ్ళో, రైల్వే రక్షణ దళంలో డాగ్ హ్యాండ్లరుగా, అంటే వాసన పట్టే కుక్కని తిప్పేవాడిగా చేసి రిటైరయ్యాను. మేముండే ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఉత్త సైమన్ అంటే ఎవరికీ తెలియదు. "కుక్కల సైమన్" అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. మా ఆవిడ మార్తకి ఈ బిరుదు నచ్చదు. చర్చిలో ఒక కొత్తావిడ "కుక్కల సైమన్ గారి భార్య మీరేనా అండీ" అని ఎంతో మర్యాదగా అడిగితే, మార్త ఇంటికొచ్చి ఆ పూట నా పళ్ళెంలో ముక్కల్లేకుండా పులుసు పోసింది.

ఈ మధ్య రెండు రకాల కుర్రాళ్ళు నా అరుగు మీద చేరుతున్నారు. కొత్తగా హ్యాండ్లర్లుగా చేరినవాళ్ళు కొందరు, పెంపుడు జంతువుల సామాన్ల దుకాణాలు పెట్టుకున్నవాళ్ళు కొందరు. ఇద్దరికీ కావలసిన పాఠం ఒకటే కాబట్టి ఒక్కసారే రాసేస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎందుకు ఆలస్యమయింది అనేవి ఇందులో ఉండవు. ఆ కథలు మా ఆవిడ నాకంటే బాగా చెబుతుంది.

బంతి కోసం పని

స్టేషన్లో మా కుక్కలు సూట్‌కేసులు వాసన చూస్తూ వెళుతుంటే జనం దారిచ్చి, గౌరవంగా చూసేవారు. ఒక పెద్దాయన మా రాణికి సెల్యూట్ కూడా కొట్టాడు. దానికి దేశం అంటే ఏమిటో తెలియదు, బాంబు అంటే ఏమిటో తెలియదు. మందుగుండు వాసన ఎక్కడుందో చూపిస్తే సైమన్ జేబులోంచి బంతి వస్తుందని తెలుసు. అంతే. కొత్తగా చేరిన పిల్లలూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. మీ కుక్క మందుగుండు వెతకదు, బంతి వెతుకుతుంది. మందుగుండు దారిలో తగులుతుంది.

అందుకే మా పనిలో బొమ్మ అంటే ఆటవస్తువు కాదు, కుక్కకి జీతం. జీతం నచ్చకపోతే మనిషైనా ఎంతకాలం పనిచేస్తాడు? చేసినా కాళ్ళీడ్చుకుంటూ చేస్తాడు.

రాణి నల్ల లాబ్రడార్. పిల్లగా ఉన్నప్పుడు నా చేతికొచ్చింది. వచ్చిన మొదటివారంలోనే నా బెల్టు, మా దొడ్డిలో ఆరేసిన అప్పడాలు, పక్కింటివాళ్ళ క్రిస్మస్ నక్షత్రం తినేసింది. ఆర్డర్లు హిందీలో ఇచ్చేవాణ్ణి, ట్రైనింగులో అలాగే నేర్పుతారు. తిట్లు మాత్రం తెలుగులోనే. రెండూ దానికి బాగా అర్థమయ్యేవి, ఆర్డర్లు వినేది, తిట్లు వినేది కాదు. నా సర్వీసులో ఇంకా కుక్కలున్నాయి, మంచివే. ఒక్కదాని గురించే చెప్పమంటే రాణి గురించే చెబుతాను.

బఫర్ రబ్బరు

రాణికి ఉన్న జబ్బల్లా నమలడం. గోల్‌బజార్‌లో కొన్న బంతి మధ్యాహ్నం ఇస్తే సాయంత్రానికి చిప్పలు చిప్పలుగా ఉండేది. నమిలి ఊరుకుంటే ఫరవాలేదు, ముక్కలు మింగేది. ముక్క పేగులో అడ్డం పడితే ఆపరేషనే. అందుకని చిరగని బొమ్మ కోసం అందరం తెగ ఆలోచించాం.

మీకు ఈ ఊరి సంగతి తెలిసిందే. ఇక్కడ ఏది బాగుండాలన్నా రైల్వేదై ఉండాలి. గోడ బాగుంటే "రైల్వే గోడలా ఉంది" అంటారు. పెళ్ళికొడుకు బాగున్నా అదే మాట. వ్యాగన్ షెడ్డులో పనిచేసే మనవాళ్ళు, అందరూ శ్రీకాకుళం వైపువాళ్ళే, మా బాధ విని "గట్టిదే కదేటి మీకు కావాలి, మేం సేసిస్తాం" అన్నారు. వ్యాగన్ల మధ్య దెబ్బని కాచుకునే బఫర్లలో మందపాటి రబ్బరు ఉంటుంది. టన్నుల బరువు గుద్దుకున్నా చెక్కుచెదరదు. పాడైన దాంట్లోంచి గుండ్రంగా ఒక ముక్క కోసి, సానపట్టి, పై అధికారుల అనుమతితోనే తెచ్చి ఇచ్చారు. ఎంత ముద్దుగా ఉందో. అప్పటి మా ఇన్‌స్పెక్టరు దాన్ని నేలకేసి కొట్టి, గీత కూడా పడలేదని చూసి, షెడ్డు వాళ్ళందరికీ టీ తాగించాడు.

రాణి దాన్ని ఒక సీజనంతా నమిలింది. బొమ్మకి ఏమీ కాలేదు. అందరం పొంగిపోయాం.

తర్వాత రాణి అన్నం ఒక పక్కనుంచే తినడం మొదలుపెట్టింది. బంతి వేస్తే పట్టుకుని వెంటనే వదిలేసేది. ఎండవల్ల అనుకున్నాను. మార్త చూసి, "ఎండ కాదయ్యా, ఆ పక్క నోరేదో నొప్పెడతంది దానికి. నీ పన్ను నొప్పెట్టినప్పుడు నువ్వూ ఇలాగే తిన్నావు, ఇల్లంతా అరుపులొక్కటే ఎక్కువ" అంది. కుక్కలు నొప్పిని దాచుకుంటాయి పిల్లలూ. మూలగవు. ఎప్పుడూ చేసే పని ఒకటి మానేస్తాయి, అంతే. అది కనిపెట్టడమే మీ ఉద్యోగంలో సగం.

డాక్టరు దీదీ, అంటే మా కుక్కల్ని చూసే బెంగాలీ డాక్టరమ్మ, రాణి నోరు తెరిచి చూసింది. ఎముకలు కొరికే పెద్ద దవడపన్ను నిలువునా చీలి ఉంది. ఏం నమిలింది అని అడిగితే నేను గర్వంగానే బఫర్ రబ్బరు జేబులోంచి తీసి ఇచ్చాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, నా మోకాలి చిప్ప మీద ఒక్కటిచ్చింది. నేను ఎగిరాను.

"లాగ్లో?" అంది. తగిలిందా అని.

తగిలింది దీదీ అన్నాను. మోకాలికి తగిలేది పంటికి తగలదా అని అడిగి, పన్ను పీకడానికి సరంజామా సర్దుకుంది.

పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని మనవాళ్ళ సామెత. మేం రాయి కోసం వెతికి, సానపట్టించి, టీ ఇచ్చి మరీ తెచ్చుకున్నాం.

సఖ్తా, మజ్‌బూతా

గాయం మానింది. రాణి మళ్ళీ గెంతుతోంది, మళ్ళీ దొంగతిండి తింటోంది. బంతిని మాత్రం పట్టుకోదు. విసిరితే పరిగెత్తుకెళ్ళి, ముక్కుతో తాకి, నా వైపు చూసి తిరిగొచ్చేసేది. నోట్లో పెట్టుకుంటే నొప్పి అని దాని బుర్రలో పడిపోయింది. బంతి అక్కర్లేని కుక్కకి వెతకాల్సిన పనేముంది? పెట్టె దగ్గరికి వెళ్ళేది, వాసన చూసేది, నాకెందుకులే అన్నట్టు ముందుకి పోయేది.

ఆ యేడు పరీక్ష దగ్గర పడుతోంది. మా దళంలో కుక్కలకి ప్రతి యేడూ పరీక్ష ఉంటుంది. తప్పితే "పనికి రాదు" అని రాసి వేలం వేసేస్తారు. ఎవరు పాడుకుంటే వాళ్ళు తోలుకుపోతారు. కాపలాకని గోడౌనుల్లో గొలుసుకి కట్టేసినవి కొన్ని నాకు తెలుసు. నాకేమో ఇంకో కుక్కపిల్లని ఇస్తారు, మళ్ళీ మొదలుపెట్టాలి. రాణి గొలుసుతో గోడౌనులో ఉంటుందనే ఆలోచన వస్తే నాకు అన్నం దిగేది కాదు. ఇందులో దాచుకోవడానికేమీ లేదు.

అప్పటికి ఇన్‌స్పెక్టరు మారాడు. కొత్తాయన ఘోష్ బాబు. సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. ఆయనకి తెలిసిన తెలుగు ఒక్కటే మాట, "ఏటి". దాన్ని అన్నిటికీ వాడేవాడు. ఫైలు పోయినా "ఏటి", వానొచ్చినా "ఏటి", నేను సెలవడిగినా "ఏటి". నేను చూసిన బాసుల్లో తెలియనిది తెలియదని ఒప్పుకున్నవాడు ఆయనొక్కడే. మిగతావాళ్ళకి కుక్కల గురించి కుక్కల కంటే ఎక్కువ తెలుసు.

నేను ఆయన దగ్గరికి వెళ్ళి రాణికి కొత్త బొమ్మ తెప్పించమని అడిగాను. ఎలాంటిది కావాలో హిందీలో చెప్పమన్నాడు. నేను మనసులో "గట్టిది" అనుకుని, పైకి "సఖ్త్" అన్నాను. ఆయన కలం ఆపేశాడు.

"సైమన్, సఖ్త్ చాహియే, యా మజ్‌బూత్?"

సఖ్త్ కావాలా, మజ్‌బూత్ కావాలా అని. హిందీలో గట్టిగా రాయిలా ఉండేది సఖ్త్. చాలాకాలం నిలిచేది మజ్‌బూత్. మనం రెంటినీ పట్టుకుని గట్టిది అనేస్తాం. తలుపు గట్టిది, కుర్చీ గట్టిది, మనిషి గట్టివాడు, జంతిక కూడా గట్టిదే. షెడ్డువాళ్ళని మేం అడిగింది గట్టిది. మా మనసులో ఉన్నది చిరగకుండా నిలిచేది. వాళ్ళు విన్నది రాయిలాంటిది. ఇద్దరం తెలుగువాళ్ళమే, ఇద్దరం ఒకే మాట అనుకున్నాం, మధ్యలో రాణి పన్ను పోయింది. వాళ్ళని ఏమనడానికీ లేదు.

మనకీ మంచి మాట లేకపోలేదు. మా అమ్మ చీర కొనేటప్పుడు "మన్నుతాదా?" అని అడిగేది. గట్టిగా ఉంటుందా అని ఎప్పుడూ అడగలేదు, చీర గట్టిగా ఉంటే ఎవరు కట్టుకుంటారు? మన్నేది అంటే మెత్తగా ఉంటూనే నిలిచేది. ఆ రోజునుంచి నేను బొమ్మని గట్టిదనడం మానేశాను. దుకాణాలు పెట్టిన పిల్లలకి నా మొదటి మాట ఇదే. గట్టిది కావాలని వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి, మన్నేది కావాలా బాబూ అని అడగండి. ఒక కుక్క పళ్ళు కాపాడినవారవుతారు.

నేను చేసే పరీక్షలు

బొటనవేలి గోరుతో బొమ్మని నొక్కండి. కొంచెమైనా నొక్కు పడాలి. పడకపోతే వద్దు. లేదా మీ మోకాలి మీద కొట్టుకోండి. నా మోకాలు వాడకండి, అది ఇప్పటికే వాడేశారు.

బంతి కుక్క నోట్లో పూర్తిగా దూరిపోకూడదు. ఎదర కోరపళ్ళ వెనక్కి జారిందంటే గొంతులోకి జారడానికి ఎంతోసేపు పట్టదు. చిన్న కుక్కకి కొన్న బంతి పెద్ద కుక్కకి దొరకకుండా చూడండి, ఇంట్లో రెండుంటే ఇదే ప్రమాదం. బోలు బంతికి ఒక్కటే కన్నం ఉంటే కొనకండి. నాలిక అందులో ఇరుక్కుంటే గాలి పట్టేసి లోపలికి లాగేస్తుంది. రెండు వైపులా కన్నాలుండాలి. టెన్నిస్ బంతి విసిరి తెమ్మనడానికి మంచిదే, నమలడానికి ఇవ్వొద్దు, దాని మీది నూగు ఉప్పుకాగితంలా పళ్ళని అరగదీస్తుంది. కీచుమనే బొమ్మల్లో ఆ కీచుపెట్టెని కుక్క ఎలాగూ పీకి మింగుతుంది, అందుకని దగ్గర కూర్చుని ఆడించగలిగితేనే కొనండి. గుండీ కళ్ళున్న గుడ్డబొమ్మలకి కళ్ళు ముందే మీరు పీకేయండి. ముద్దుగా ఉండదని పిల్లలు ఏడుస్తారు, ఏడవనివ్వండి. పాత చెప్పు మాత్రం బొమ్మగా ఇవ్వకండి. పాతదానికీ కొత్తదానికీ తేడా దానికి తెలియదు, తర్వాత కొట్టి లాభం లేదు.

అన్నిటికంటే ముఖ్యం, ఏ బొమ్మా జీవితాంతం ఉండదు. వారానికోసారైనా చేత్తో తడిమి చూసి, ముక్క లేస్తుంటే పారేయండి. పారేయాలంటే మనవాళ్ళకి ప్రాణం ఒప్పదు. ఇంకా బాగానే ఉంది కదా అంటారు. పులుసు చెడిపోయినా ఇలాగే అంటారు.

పిల్లుల సంగతి వేరు. వాటికి పళ్ళతో కాదు ఇబ్బంది, దారంతో. ఈ ఊళ్ళో విశ్వకర్మ పూజ రోజు ఆకాశమంతా గాలిపటాలే, మర్నాడు చెట్లకీ డాబాలకీ మాంజా దారాలు వేలాడుతుంటాయి. ప్రేమ్ బజార్‌లో గది తీసుకున్న ఒక తెలంగాణ కుర్రాడు పిల్లిని టవల్లో చుట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "అంకుల్, దీని నోట్ల దారం ఉన్నది, గుంజుతె వస్తలేదు" అన్నాడు. లాగావా అని కేకేశాను. కొంచెం లాగాడట. దారం కొస కనిపించినా లాగకూడదు పిల్లలూ. ఇంకో కొస కడుపులో ఎక్కడ చిక్కుకుందో మనకి తెలియదు, లాగితే పేగు కోసుకుపోతుంది. పిల్లినీ కుర్రాణ్ణీ నా స్కూటరెక్కించుకుని డాక్టరు దీదీ దగ్గరికి తీసుకెళ్ళాను. పిల్లి బతికింది. దారి పొడుగునా పిల్లి కంటే కుర్రాడే ఎక్కువ అరిచాడు. ఇప్పుడు దానికి కాగితం ఉండ చుట్టి ఆడిస్తున్నాడు, పిల్లికి అదే స్వర్గం.

నీళ్ళ గొట్టం

ఇన్ని తెలిసినా రాణికి ఏ బొమ్మా కుదరలేదు. మెత్తటి రబ్బరు ఇచ్చాను, వాసన చూసి వదిలేసింది. నూలు తాడు పేని ఇచ్చాను. దాన్ని రెండు రోజులు పట్టుకుంది గానీ పోగులు ఊడి కడుపులోకి పోవడం మొదలైంది. పొద్దున్నే దాని పెంట కలియబెట్టి పోగులు వెతుకుతుంటే మార్త చూసి, "పెళ్ళయిన కొత్తలో నేను సెవి కమ్మ పారేసుకుంటే ఇంత ఇదిగా ఎతికినావేటి?" అంది. తాడు తీసేశాను.

పరీక్ష ఇంకా దగ్గరపడింది. ఘోష్ బాబు రాణిని చూసి, నన్ను చూసి, "ఏటి" అని నిట్టూర్చేవాడు.

ఒక పొద్దున యార్డులో ఫైర్ డ్రిల్లు పెట్టారు. కాన్వాసు గొట్టం విప్పి, నీళ్ళు వదిలి, కొస పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నారు. నేను రాణిని పట్టుకుని దూరంగా నిలబడ్డాను. నీళ్ళు నిండి గొట్టం బతికున్న పాములా ఎగిరిపడింది. అంతే, రాణి నా చేతిలోంచి తాడు గుంజేసుకుని వెళ్ళి గొట్టాన్ని పట్టింది. పట్టి వదలదు. గొట్టం అటు ఊగితే తనూ ఊగుతోంది, తోక చక్రంలా తిరుగుతోంది. పట్టుకున్నవాళ్ళు నవ్వు ఆపుకోలేక గొట్టం వదిలేశారు. నీళ్ళన్నీ వెళ్ళి కుర్చీలో కూర్చున్న ఘోష్ బాబు మీద పడ్డాయి.

ఆయన తడిసి ముద్దయి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు. తిడతాడనుకున్నాను. "సైమన్, పకడా!" అన్నాడు. పట్టుకుంది అని. ఆయన సంతోషం చూసి నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అప్పటికే అందరం తడిసి ఉన్నాం కాబట్టి ఎవరికీ తెలియలేదు.

కాన్వాసు గొట్టం మెత్తన. నొక్కితే పన్ను దిగుతుంది, లాగితే చిరగదు. లోపల పల్చటి రబ్బరు పొర, పైన దగ్గరగా నేసిన బట్ట. ఇన్నాళ్ళూ మా కళ్ళెదుటే చుట్టలు చుట్టి వేలాడుతోంది.

అయితే తెచ్చుకునేదెలా? మా ఉద్యోగమే రైల్వే సామాను ఎత్తుకుపోయేవాళ్ళని పట్టుకోవడం. కంచే చేను మేసిందని ఊరు నవ్వదూ? అప్పన్నకి చెప్పాను. అప్పన్న మా చర్చి వీధి చివర ఉంటాడు, వర్క్‌షాపులో రైలు బెర్తుల సీట్లు కుట్టే పని. "ముక్కే కదా గురూ, అంత సిన్నముక్క ఎవుడు సూత్తాడు?" అన్నాడు. అలా అన్నవాళ్ళనే నేను ఇన్నేళ్ళూ పట్టుకున్నాను అని చెప్పాను. అప్పన్న మాట మార్చి వాన గురించి మాట్లాడాడు.

చివరికి ఘోష్ బాబే తుక్కు కింద తీసేసిన గొట్టంలోంచి ఒక మూర పొడుగు ముక్క కాగితం మీద రాయించి ఇప్పించాడు. ఆ కాగితాల గోల కూడా ఇక్కడ రాయను.

కుట్టింది అప్పన్న. మా అరుగు మీదే కూర్చుని, రెండు మడతలు పెట్టి, కోసిన అంచులు లోపలికి తోసి, నైలాను దారంతో కుట్టుమీద కుట్టు వేశాడు. చివర ఇత్తడి రివిట్లు కొడతానన్నాడు. వద్దన్నాను. ఊడితే మింగుతుంది, కొరికితే ఇంకో పన్ను పోతుంది. అప్పన్నకి రోషం వచ్చింది. "రివిట్టు లేకపోతే గట్టిగా ఎలాగుంటాది? నాను కుట్టిన సీటు ఇంతవరకూ ఊడనేదు తెలుసా?" అన్నాడు. నీ సీటుని జనం కొరకరు అప్పన్నా అన్నాను. కొన్ని సీట్లు కొరికినట్టే ఉంటాయి గురూ అని ఒప్పుకుని, రివిట్లు సంచిలో వేసేసుకున్నాడు.

బొమ్మని రాణి ముందు పెడితే వాసన చూసి కూర్చుంది. మార్త వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "సచ్చిన పాములా పడేత్తే ఎవులు పట్టుకుంటారు? ఆడించు" అంది. కొస పట్టుకుని నేల మీద ఈడ్చాను. రాణి దూకి పట్టుకుంది, మంచి పక్క పళ్ళతో. ఇది కూడా రాసుకోండి, ఎంత మంచి బొమ్మయినా మీ చెయ్యి రెండో కొసన లేకపోతే అది ఉత్త గుడ్డ.

ఆ బొమ్మతో మళ్ళీ మొదటినుంచి పని నేర్పాను. వాసన పట్టు, కూర్చో, ఇదిగో జీతం. కొన్ని రోజులు బాగా చేసేది, కొన్ని రోజులు పట్టుకుని గబుక్కున వదిలేసేది. పరీక్ష నాటికి ఏం చేస్తుందో నాకు నమ్మకం లేదు.

పరీక్ష

పరీక్షకి పై ఆఫీసు నుంచి ఒక సాహెబు వచ్చాడు. యార్డులో పక్కన పెట్టిన స్లీపర్ బోగీలో ఎక్కడో మందుగుండు పొట్లం దాచారు. ఎక్కడో నాకు చెప్పరు. కుక్క వెతకాలి, దొరికాక కూర్చుని చూపాలి, తర్వాత హ్యాండ్లరు బొమ్మ ఇవ్వాలి. తీసుకుని ఆడకపోతే కుక్కకి పని మీద ఆసక్తి పోయిందని రాస్తారు.

బోగీలో పెనంలా వేడి. రాణి ఒక్కొక్క కూపే దాటుతోంది. నాలిక వేలాడేసింది. సగం బోగీ దాటాక ఒక కింది బెర్తు దగ్గర ఆగి, వాసన చూసి, ముందుకి వెళ్ళిపోయింది. పన్ను నొప్పి వచ్చాక ఇంతకాలం అదే చేసేది, నాకెందుకులే అని పోయేది. నేను ఏమీ అనకూడదు, తాడు లాగకూడదు. వెనకాల సాహెబు, ఆయన వెనకాల ఘోష్ బాబు.

రాణి ఆగింది. వెనక్కి తిరిగింది. నన్ను దాటుకుని ఆ బెర్తు దగ్గరికే వచ్చి, తలకాయ కిందికి దూర్చి, బయటికి తీసి, బుద్ధిగా కూర్చుంది. కూర్చుని నా జేబు వైపు చూసింది.

జేబు వైపు! ఎన్నాళ్ళయింది అది అలా చూసి. నేను బొమ్మ తీసి వేశాను. గాల్లోనే అందుకుంది. మంచి పక్కతోనే పట్టుకుంది. తర్వాత తల విదిలించి, బొమ్మని నోట్లో జరుపుకుని, పన్ను పీకేసిన పక్కకి తెచ్చి, కళ్ళు సగం మూసుకుని మెల్లగా నమిలింది. ఆ పక్క నోరు అది వాడి ఎంతకాలమైందో నాకు తెలుసు. ఘోష్ బాబుకి తెలుసు. సాహెబుకి తెలియదు.

ఆయన కాగితం మీద ఫిట్ అని రాసి సంతకం పెట్టాడు. తర్వాతి కుక్కని పిలవాలి, బొమ్మ తీసేసుకుని దిగమన్నాడు. వదలమనడానికి మా దగ్గర "ఛోడ్" అనే ఆర్డరుంది. రాణి వింటుంది, ఒక్కసారి అంటే చాలు, ఎంత ఇష్టమైనదైనా నా కాళ్ళ దగ్గర పెట్టేస్తుంది. ఆ మాట నా నాలిక చివరి దాకా వచ్చింది.

"జీతం సార్ అది. ఇచ్చేశాం" అన్నాను.

సాహెబు నా వైపు చూశాడు. వెనకనుంచి ఘోష్ బాబు దారిచ్చి పక్కకి తప్పుకున్నాడు. ఇద్దరు అధికారుల మధ్యనుంచి, బొమ్మ నోట కరుచుకుని, ఎవరినీ లెక్కచేయకుండా రాణి ముందు నడిచింది. తాడు దాని మెడకే ఉంది. దాని వెనకాల నేనే కట్టేసినట్టు నడిచాను.